తిరుపతి అద్దె బసలో గాయపడితే ఊరు దాటేలోపు చేయవలసిన పనులు

దర్శనానికి తిరుపతి వచ్చేవారికి ఒకప్పుడు సత్రాలు, లాడ్జీలే దిక్కు. ఇప్పుడు అలిపిరి, తిరుచానూరు, రేణిగుంట రోడ్డు ప్రాంతాలలో మామూలు అపార్టుమెంట్లలోని ఫ్లాట్లు కూడా హోమ్‌స్టేల పేరుతో, సర్వీస్ అపార్టుమెంట్ల పేరుతో రోజు అద్దెకు దొరుకుతున్నాయి. కుటుంబమంతా ఒకేచోట ఉండవచ్చు, పసిపిల్లలకు పాలు కాచుకోవచ్చు కనుక వీటికి గిరాకీ పెరగడంలో వింత లేదు. అయితే వీటిలో చాలావాటికి రిసెప్షన్ ఉండదు, రాత్రి కాపలా మనిషి ఉండడు, తాళంచెవిని కూడా ఒక్కోసారి కరెంటు మీటరు పెట్టె వెనుక నుంచి తీసుకోమని ఫోనులోనే చెబుతారు. అటువంటి ఇంట్లో తెల్లవారుజామున స్నానానికి లేచినవారు జారిపడినా, గీజరు షాకు కొట్టినా, దీపం లేని మెట్లమీద కాలు తప్పినా పలికే మనిషి దొరకడం కష్టం.

దీనికి తోడు యాత్రాస్థలానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. గాయపడినవారు మరునాటి రైలుకో బస్సుకో ఊరు వెళ్లిపోతారు, వారికి పనికివచ్చే ఆధారమంతా తిరుపతిలోనే ఉండిపోతుంది. తడి గచ్చు ఆరిపోతుంది, ఊడిన రెయిలింగును బిగిస్తారు, పాత గీజరు స్థానంలో కొత్తది వస్తుంది, సాయంత్రానికి ఆ గదిలో మరొక కుటుంబం దిగుతుంది. అందుచేత ఊరు దాటేలోపు చేయవలసిన పనులకే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను. మిగిలినవాటిని ఇంటినుంచి నిదానంగా చేసుకోవచ్చు.

ముందు మనిషి సంగతి

పడిపోయిన పెద్దవారిని చంకల కింద చేతులు వేసి లేపి, కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించడం మనకు అలవాటు. తుంటి దగ్గర నొప్పి అని చెబుతున్నా, ఒక కాలు పొట్టిగా మారి పాదం బయటికి తిరిగినట్టు కనిపించినా, మెడలో లేదా వెన్నులో నొప్పి ఉన్నా ఆ పని చేయకుండా, ఉన్నచోటనే కదలకుండా పడుకోబెట్టి 108కు ఫోన్ చేయండి. తలకు దెబ్బ తగిలినవారు వాంతి చేసుకున్నా, మగతగా ఉన్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవారైనా, బయటికి గాయమేమీ కనిపించకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. షాకు కొట్టిన మనిషిని మెయిన్ స్విచ్చు ఆపిన తరువాతే ముట్టుకోవాలి, తేరుకుని మామూలుగా మాట్లాడుతున్నా ఒకసారి ఈసీజీ తీయించాలి. వేడినీళ్లు పడి కాలితే ఇరవై నిమిషాలపాటు కుళాయి నీటి ధార కింద ఉంచండి. టూత్‌పేస్టు, ఐసు పెట్టకండి. గ్యాసు గీజరు ఉన్న స్నానాలగదిలో ఎవరైనా స్పృహ తప్పితే అది కార్బన్ మోనాక్సైడ్ వల్ల కావచ్చు కనుక, తలుపులు తెరిచి, మనిషిని బయటిగాలికి చేర్చి, గ్యాసు కట్టేయండి.

తిరుపతిలో ప్రభుత్వ పెద్దాసుపత్రి రుయా, దానితోపాటు స్విమ్స్ ఆసుపత్రి ఉన్నాయి. ఎముకల శస్త్రచికిత్సలకు పేరుపొందిన బర్డ్ కూడా ఈ ఊళ్లోనే ఉంది. అయితే తొలి గంటలో అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రికి చేరడమే మేలు. ముందు పోలీసులకు చెప్పి రండి, తరువాత చూస్తామని ఏ ఆసుపత్రి అన్నా ఒప్పుకోనక్కరలేదు. ప్రభుత్వ వైద్యులైనా ప్రైవేటు వైద్యులైనా ప్రాణాపాయంలో ఉన్నవారికి ముందుగా చికిత్స చేయాలని, కేసు లాంఛనాల కోసం దానిని ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తీర్పు చెప్పింది.

ఆసుపత్రి చీటీలో ఏం రాశారో చూడండి

తరువాత పరిహారం అడిగినవారిలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. కాజువాలిటీలో ఉన్న హడావుడిలో ఎవరో ఒకరు, ఒక్కోసారి బస మేనేజరు తోడుగా పంపిన మనిషే, ఇంట్లో పడ్డారని రాయించండి, లేకపోతే పోలీసు కేసు అవుతుంది, మీ ప్రయాణం ఆగిపోతుంది అని సలహా ఇస్తాడు. ఆ మాట విని రాయించిన ఒక్క వాక్యం ఏడాది తరువాత ఎదుటి పక్షం న్యాయవాది చేతిలో ఆయుధమవుతుంది. ఓపీ చీటీలోను, కేస్‌షీటులోను ఎప్పుడు, ఎక్కడ, ఏ కారణంగా గాయమైందో ఉన్నది ఉన్నట్టుగా చెప్పి రాయించండి. పలానా ప్రాంతంలోని అద్దె బసలో, తెల్లవారుజామున ఇన్ని గంటలకు, పైపు కారి తడిసిన గచ్చుమీద జారి పడినట్టు అని ఉంటే చాలు. డాక్టరు దానిని మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలపవలసిన గాయంగా నమోదు చేస్తే ఆ నంబరు అడిగి రాసుకోండి. పోలీసులు కోరినప్పుడు ఆసుపత్రి ఇచ్చే వూండ్ సర్టిఫికెట్‌కు మూలం ఆ నమోదే. గాయం సాధారణమైనదా, తీవ్రమైనదా అన్నది ఆ కాగితమే చెబుతుంది.

కాళ్ల నొప్పుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కి వచ్చినవారు పడితే, మెట్లెక్కి కాళ్లు వణికి పడ్డారు, మా గచ్చులో తప్పేమీ లేదు అని బస యజమాని అనడం ఖాయం. మెట్లు ఎక్కిన మాట నిజమైతే దాచవద్దు, కాని పడటానికి ముందురోజే ఎక్కారా, ఆ తరువాత ఎన్ని గంటలు విశ్రాంతి తీసుకున్నారు అన్నది కూడా డాక్టరుకు చెప్పండి.

ఫోటోలు, వీడియోలు

రోగి వెంట ఒకరు ఆసుపత్రిలో ఉండగా మరొకరు వెంటనే గదికి వెళ్లాలి. ముందుగా వీధి గుమ్మం నుంచి ప్రమాదం జరిగిన చోటు వరకు ఆపకుండా ఒక వీడియో తీస్తే అది ఏ ఇల్లో, ఏ గదో తరువాత వాదన ఉండదు. ఆపైన దూరంనుంచి, దగ్గరనుంచి ఫోటోలు తీయండి. పగిలిన పలకకు, మెట్టు ఎత్తులోని తేడాకు పక్కన ఒక రూపాయి నాణెమో, టేపో పెడితే కొలత తెలుస్తుంది. గచ్చు తడిగా ఉంటే ఆ నీరు ఎక్కడినుంచి వస్తున్నదో చూడండి. స్నానం చేసిన నీరు నిలవడం వేరు, వాలు సరిగా లేక గుమ్మం బయటికి పారడం వేరు, కమోడు వెనుక పైపు కారడం వేరు. మొదటిది మీ అజాగ్రత్త అని వాదించగలరు, చివరి రెండూ ఇంటి లోపాలు. మెట్ల మీద దీపం లేకపోవడమే కారణమైతే పట్టపగలు తీసిన ఫోటోకు విలువ లేదు కాబట్టి, మరుసటి తెల్లవారుజామున అదే వేళకు వెళ్లి, ఫ్లాష్ వేయకుండా, స్విచ్చు నొక్కినా దీపం వెలగకపోవడం కనిపించేలా వీడియో తీయండి. పడినప్పుడు కాళ్లకున్న చెప్పులను, చిరిగిన బట్టలను సంచిలో వేసి దాచండి. చెప్పుల అడుగులు అరిగిపోయాయా లేదా అన్న ప్రశ్న తప్పక వస్తుంది.

ఈ ఫోటోలను ఇంట్లోవాళ్లకు వాట్సాప్‌లో పంపితే తేదీ, వేళ నమోదవుతాయి. అయినా ఫోనులోని అసలు ఫైళ్లను చెరపవద్దు, ఆ ఫోనును మార్చేముందు ఆలోచించండి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారానికి ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది, అది ఏ పరికరంలోనిదో అందులో చెప్పవలసి ఉంటుంది.

బుకింగ్ పేజీని కూడా అదేరోజు స్క్రీన్‌షాట్లు తీయాలి. లిఫ్టు ఉంది, వృద్ధులకు అనుకూలం, ఇరవైనాలుగు గంటలూ మనిషి ఉంటాడు అని రాసిన మాటలు ప్రమాదం తరువాత మాయమయ్యే అవకాశం ఉంది. అంతకుముందు దిగినవారు రాసిన సమీక్షలలో బాత్రూము జారుతోందని ఎవరైనా రాసి ఉంటే అది మీ చేతికి చిక్కిన మంచి ఆధారం. లోపం సంగతి యజమానికి ముందే తెలిసినా బాగు చేయించలేదని దానితో చూపించవచ్చు. పక్క గదిలో దిగినవారు ఏ ఊరివారో, వారి ఫోన్ నంబరు ఏమిటో అడిగి రాసుకోండి, ఎందుకంటే వాళ్లు కూడా రేపు ఊరు వెళ్లిపోయేవారే.

యజమానికి లిఖితపూర్వకంగా తెలపండి

ఫోనులో అరిచిన మాటలకు రేపు సాక్ష్యం ఉండదు. జరిగిన రోజే వాట్సాప్‌లోగాని, బుక్ చేసిన యాప్ సందేశాల పెట్టెలోగాని చిన్న సందేశం పంపండి. ఈ విధంగా ఉంటే సరిపోతుంది: ఈ నెల 12వ తేదీ తెల్లవారుజామున సుమారు 3 గంటలకు మీ ఇంటి రెండవ అంతస్తు మెట్లపై దీపం వెలగక మా అమ్మగారు పడిపోయారు. కుడి మణికట్టు విరిగిందని ఎక్స్‌రేలో తేలింది. మెట్ల వద్దనున్న సీసీ కెమెరాలో 2 గంటల నుంచి 4 గంటల వరకు నమోదైన దృశ్యాలను చెరపకుండా భద్రపరచి మాకొక ప్రతి ఇవ్వండి. మేము తీసిన ఫోటోలు జతచేశాము. మీకు బీమా ఉంటే ఆ వివరాలు తెలపండి.

సీసీ కెమెరా మాట మరచిపోవద్దు, చాలా రికార్డర్లలో కొన్ని రోజులకే పాత దృశ్యాల మీద కొత్తవి పడిపోతాయి. సందేశంలో తిట్లు, బెదిరింపులు, సమీక్ష రాసి పరువు తీస్తామన్న మాటలు ఉండకూడదు. మర్యాదకోసం, పొరపాటు మాదేలెండి అని రాయడం కూడా తగదు.

ఇక్కడ నాకు తెలిసిన ఒక సంగతి చెప్పాలి. మా మేనత్తగారు ఒక అద్దె ఫ్లాటులో జారిపడి మోకాలిచిప్ప పగులగొట్టుకున్నప్పుడు ఆ ఇంటి మేనేజరు ఎంతో మర్యాదగా ఆసుపత్రికి వచ్చి, పళ్లు ఇచ్చి, రెండు రోజుల అద్దె ఫోన్‌పేలో తిరిగి పంపి, డబ్బు ముట్టినట్టు ఒక కాగితంమీద సంతకం అడిగాడు. ఆ కాగితం అడుగున చిన్న అక్షరాలతో ఇకమీదట ఎటువంటి క్లెయిమూ చేయబోమని ఉంది. అత్తయ్య కళ్లజోడు లేకుండానే సంతకం పెట్టేసింది. అద్దె తిరిగి ఇస్తే తీసుకోవడంలో తప్పులేదు, కాని ఇది అద్దె వాపసు మాత్రమే, గాయానికి పరిహారం కాదు అని జవాబు సందేశం పంపండి. చికిత్స పూర్తికాకముందు ఏ సర్దుబాటు పత్రం మీదా సంతకం చేయవద్దు. విరిగిన ఎముక అతుకుతుందో, రెండవ ఆపరేషన్ కావాలో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఎదుటి పక్షం ఎవరో కూడా ఊరు దాటకముందే తేల్చుకోవాలి. ఫ్లాటు యజమాని ఒకరు, ఆయన దగ్గర నెల అద్దెకు తీసుకుని రోజు అద్దెకు ఇచ్చేవారు మరొకరు, బస్టాండులో మిమ్మల్ని పట్టుకుని తీసుకొచ్చిన ఆటోడ్రైవరు ఇంకొకరు కావచ్చు. రసీదు మీద ఉన్న పేరు, యూపీఐలో డబ్బు చేరిన ఖాతా పేరు, ఇంటి తలుపు నంబరు ఈ మూడింటినీ ఫోటో తీయండి. నగదు ఇచ్చి రసీదు తీసుకోకపోతే, ఇన్ని రోజులకు ఇంత అద్దె నగదుగా ఇచ్చామని పైన చెప్పిన సందేశంలోనే రాసి పంపితే, వారు కాదనకపోవడమే కొంత ఆధారంగా నిలుస్తుంది. భవనానికి అనుమతి ఉన్నదా, వ్యాపార లైసెన్సు ఉన్నదా అన్నవి తరువాత నగరపాలక సంస్థనుంచి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. సమాధానానికి గడువు 30 రోజులు.

పోలీసు స్టేషను

ప్రతి జారిపాటుకూ పోలీసు కేసు అవసరం లేదని నా అభిప్రాయం. షాకు, లిఫ్టు ప్రమాదం, రెయిలింగు లేదా పైకప్పు పెచ్చు ఊడిపడటం, గ్యాసు, పసిపిల్లలకు దెబ్బ, ఎముక విరగడం వంటివాటికి మాత్రం ఫిర్యాదు ఇచ్చే వెళ్లండి. ఇతరుల భద్రతకు ముప్పు తెచ్చే నిర్లక్ష్యంవల్ల గాయమైతే భారతీయ న్యాయ సంహితలోని 125వ సెక్షన్ వర్తిస్తుంది. తీవ్రగాయమైతే మూడేళ్ల వరకు జైలుగాని, పదివేల రూపాయల వరకు జరిమానాగాని, రెండూగాని పడవచ్చు. బస ఏ స్టేషను పరిధిలోకి వస్తుందో, అలిపిరికా, తిరుచానూరుకా అని మీరు తలపట్టుకోనక్కరలేదు, పరిధి ఏదైనా సమాచారం తీసుకుని జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయవలసిన బాధ్యత స్టేషనుదే. ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషనులో ఫిర్యాదు తీసుకోకపోతే దాని సారాంశాన్ని జిల్లా ఎస్పీకి తపాలాలో పంపే దారి చట్టంలోనే ఉంది. ఉన్న ఊరికి వెళ్లిన తరువాత అక్కడి స్టేషనులో ఇచ్చినా చెల్లుతుంది, కాని పోలీసులు గదిని చూసి రాసే పంచనామా అప్పటికి ఆలస్యమవుతుంది.

షాకు విషయంలో ఒక అదనపు మార్గం ఉంది. విద్యుత్ వాడకంలో ఎవరైనా గాయపడినా, చనిపోయినా ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేసి విచారణ జరిపించే ఏర్పాటు 2003 నాటి విద్యుత్ చట్టం 161వ సెక్షన్‌లో ఉంది. ఎర్తింగు ఉన్నదా, 30 మిల్లీ ఆంపియర్లు లీకైనా కరెంటు ఆపే ఆర్‌సీసీబీ స్విచ్చు బిగించారా అన్న ప్రశ్నలకు ఆయన నివేదికను మించిన జవాబు దొరకదు. గీజరు మార్చకముందే దాని మీది కంపెనీ పట్టీని, ప్లగ్గులోని మూడవ పిన్నును ఫోటో తీయండి.

ఇల్లు చేరిన తరువాత

బిల్లులన్నీ ఒక ఫైలులో పెట్టండి. మందుల చీటీలు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి సమ్మరీ, ఫిజియోథెరపీ రసీదులు సరే, అంబులెన్సు ఖర్చు, రద్దయిన రైలు టిక్కెట్లు, తోడుగా ఉన్నవారు పోగొట్టుకున్న కూలి లేదా జీతం కూడా లెక్కలోకి వస్తాయి. ఒక నోటుపుస్తకంలో ఏ రోజు నొప్పి ఎలా ఉంది, ఏ పని చేయలేకపోయారు అని రెండేసి వాక్యాలు రాస్తూ ఉండండి.

ఆరోగ్య బీమా ఉంటే పాలసీలో చెప్పిన గడువులోగా తెలపాలి. బ్యాంకు ఖాతానుంచి ఏటా 20 రూపాయలు పోతున్నవారు తమకు ప్రధానమంత్రి సురక్షా బీమా ఉన్నదన్న సంగతే మరచిపోతుంటారు. ప్రమాదంలో మరణానికి, పూర్తి అంగవైకల్యానికి 2 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి లక్ష రూపాయలు అందులో వస్తాయి. శాశ్వత వైకల్యం మిగిలితే ఆంధ్రప్రదేశ్‌వారు వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం తీసుకోవాలి.

పరిహారం అడిగే దారి

యాప్ ద్వారా బుక్ చేసి ఉంటే మొదట ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ అధికారి 48 గంటలలో అందినట్టు తెలిపి, నెలరోజులలో పరిష్కరించాలి. కొన్ని సంస్థలు ఇల్లు అద్దెకిచ్చేవారి తరఫున బాధ్యతా బీమా ఉంచుతాయి. ఉదాహరణకు ఎయిర్‌బీఎన్‌బీలో, అతిథి గాయానికి ఇంటివారు చట్టపరంగా బాధ్యులని తేలితే, 10 లక్షల డాలర్ల వరకు వర్తించే బీమా ఉంది. స్థానిక దళారి ద్వారా దిగినవారికి ఇటువంటిదేదీ ఉండదు, నేరుగా యజమానికి నోటీసు ఇవ్వాలి. నోటీసును చేరినట్టు రుజువు దొరికేలా స్పీడ్ పోస్టులో పంపి, జవాబుకు 15 రోజులు ఇవ్వడం వాడుక. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేస్తే కేసు వరకు పోకుండా తెగేవి కొన్ని తెగుతాయి.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం యాత్రికులకు చేసిన పెద్ద మేలు ఏమిటంటే, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, శ్రీకాకుళంవారైనా ఆదిలాబాదువారైనా వాయిదాలకు తిరుపతి రానక్కరలేదు. రెండవ మేలు రుసుములో ఉంది. కమిషన్ పరిధినీ రుసుమునూ లెక్కించేది మీరు చెల్లించిన సొమ్మును బట్టే కనుక, గది అద్దె మూడువేలైతే పది లక్షల పరిహారం కోరినా రుసుము ఏమీ ఉండదు. గది కొడుకు బుక్ చేసి, తల్లి గాయపడినా ఆమె వినియోగదారే, ఎందుకంటే డబ్బు చెల్లించినవారి సమ్మతితో సేవ పొందినవారు కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు. బంధువుల ఇంట్లో ఊరికే దిగినవారికి మాత్రం ఈ దారి లేదు. గడువు ప్రమాదం జరిగిననాటి నుంచి రెండేళ్లు. యాప్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు సాగుతున్నాయి కదా అని ఈ లెక్క మరచిపోకండి. న్యాయవాది లేకుండా స్వయంగా ఈ-జాగృతి పోర్టల్‌లో వేయవచ్చు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, ఫోన్ 15100.

ఫిర్యాదులో గాయం ఎంత పెద్దదో చెప్పడంతోపాటు యజమాని చేయవలసిన ఏ పని చేయలేదో చెప్పాలి. గదిలో పడ్డాము కనుక పరిహారం ఇవ్వాలి అంటే నిలవదు. వాలు లేని గచ్చు, వెలగని దీపం, ఎర్తింగు లేని గీజరు అని లోపాన్ని పేరుపెట్టి చూపి, దానివల్లనే గాయమైందని ఆసుపత్రి చీటీతో ముడివేయాలి. మీ అజాగ్రత్త కొంత ఉందని తేలితే పరిహారం ఆ మేరకు తగ్గవచ్చు.

గోడమీద, ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు, అని బోర్డు ఉన్నదని వెనుకాడవద్దు. ఢిల్లీలో ఒక హోటలు సిబ్బందికి అప్పగించిన కారు పోయినప్పుడు, పార్కింగు చీటీ మీద అచ్చువేసిన అటువంటి షరతు హోటలువారి సొంత నిర్లక్ష్యాన్ని కప్పిపుచ్చలేదని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. అది కారు విషయమే అయినా, మనిషి ఒంటికి తగిలిన దెబ్బ విషయంలో ఇంకా గట్టిగా వాదించదగిన తీర్పు.

కమిషన్ పంపిన నోటీసు అందిన తరువాత ఎదుటివారు 30 రోజులలో, మహా అయితే మరో 15 రోజులలో జవాబు దాఖలు చేయాలి. కేసును మూడు నెలలలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది, ఆచరణలో అంతకంటే ఎక్కువ పడుతుందనుకుని సిద్ధపడండి. మధ్యలో ఇరుపక్షాలూ ఒప్పుకుంటే కమిషనే మధ్యవర్తిత్వానికి పంపుతుంది. చికిత్స పూర్తయి ఖర్చు లెక్క తేలి ఉంటే అప్పుడు సర్దుబాటుకు కూర్చోవడం మంచిదే. ఆదేశంమీద 45 రోజులలో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు, చెల్లించవలసిన పక్షం అప్పీలు చేయాలంటే ముందుగా ఆ సొమ్ములో సగం జమ కట్టాలి. అప్పీలూ చేయక, డబ్బూ ఇవ్వక కాలం గడిపే యజమానిపై అమలు దరఖాస్తు వేయండి. ఆదేశాన్ని పాటించనివారికి అదే చట్టంలోని 72వ సెక్షన్ కింద నెలనుంచి మూడేళ్ల వరకు జైలుగాని, 25 వేలకు తగ్గని జరిమానాగాని, రెండూగాని పడతాయి.